ఐదు పాయింట్లు వచ్చినా కప్పు రాలేదు: స్కూల్ చెస్ టోర్నమెంట్లలో ఈ టై బ్రేక్ గోల ఏంటి?

బెజవాడ_నాన్న
మావాడు నాలుగో తరగతి. మొన్న ఆదివారం ఊళ్లోనే జరిగిన ఒక ఇంటర్ స్కూల్ చెస్ టోర్నమెంట్‌కి మొదటిసారి తీసుకెళ్లాను. అండర్-11, ఏడు రౌండ్లు. మొదటి రౌండు ఓడిపోయాడు, మధ్యలో ఇంకోటి పోయింది, మిగతా ఐదూ గెలిచాడు. పది మందికి కప్పులిస్తామన్నారు. ఆఖర్న లిస్టు అంటిస్తే వీడిది పదమూడో స్థానం. ఎనిమిదో స్థానంలో ఉన్న పిల్లాడివీ ఐదు పాయింట్లే! టేబుల్ దగ్గర కూర్చున్నాయన్ని అడిగితే "బక్‌హోల్జ్ సార్" అనేసి మళ్లీ లాప్‌టాప్‌లో తలదూర్చాడు.

అదొకటైతే, ఆ రెండో ఓటమి కథ వేరు. గుర్రం గడి మధ్యలో సరిగ్గా లేదని సర్దబోయాడట. ఎదుటి పిల్లాడు వెంటనే చెయ్యెత్తి ఆర్బిటర్‌ని (అంటే రిఫరీని) పిలిచాడు. ముట్టుకున్నావు కాబట్టి గుర్రమే కదపాలన్నారు. కదిపితే మంత్రి పోయింది. తొమ్మిదేళ్ల పిల్లలకి ఇంత కఠినమా? సమాన పాయింట్లొస్తే సమానంగా బహుమతి ఇవ్వడానికి ఏం అడ్డం? తెలిసినవాళ్లు చెప్పండి.

నిద్రమబ్బు
మొదటి టోర్నమెంట్‌లోనే ఏడింటికి ఐదా! మీరు కంప్లయింట్ చేస్తున్నారో గొప్పలు చెప్పుకుంటున్నారో అర్థం కాలేదు 😄

లెక్కల_మాస్టారు
బక్‌హోల్జ్ అంటే మరీ బ్రహ్మవిద్య ఏం కాదు, సమాన పాయింట్లొచ్చినవాళ్లలో ఎవరు ముందో తేల్చే ఒక టై బ్రేక్ లెక్క. మీవాడు ఎవరెవరితో ఆడాడో వాళ్లందరూ చివరికి తెచ్చుకున్న పాయింట్లు కూడతారు, అంతే. ఉదాహరణకి మీవాడి ప్రత్యర్థులకి చివర్లో 3, 2, 3, 4, 3, 4.5, 4 వచ్చాయనుకోండి. మొత్తం 23.5. ఆ ఎనిమిదో స్థానం పిల్లాడు ఆడినవాళ్లకి 4, 4.5, 5, 6, 5, 4, 3.5 వచ్చాయనుకోండి. మొత్తం 32. ఇద్దరివీ ఐదు పాయింట్లే, కానీ రెండోవాడు గట్టివాళ్లతో ఆడి తెచ్చుకున్నాడు.

ఇక్కడ మొదటి రౌండు ఓటమి దెబ్బ కొడుతుంది. ఇలాంటి టోర్నమెంట్లు స్విస్ పద్ధతిలో నడుస్తాయి. ఓడితే ఇంటికి పంపరు, ప్రతి రౌండులో సమాన పాయింట్లున్నవాళ్లని జత కడతారు. మొదట్లోనే ఓడితే రెండో రౌండులో ఓడినవాడే ఎదురొస్తాడు. అక్కణ్నుంచి గెలుచుకుంటూ వచ్చినా అప్పటిదాకా ఆడినవాళ్లు బలహీనులే కాబట్టి కూడిక తగ్గుతుంది. అదే ఓటమి ఆరో రౌండులో జరిగుంటే మీవాడికి కప్పు వచ్చేదేమో.

బెజవాడ_నాన్న
@లెక్కల_మాస్టారు లెక్క అర్థమైంది, న్యాయం అర్థం కాలేదు. ఎవరితో ఆడాలో మావాడు ఎంచుకోలేదు కదా? కంప్యూటర్ ఇచ్చినవాడితో ఆడాడు. వాళ్లు తర్వాత గెలవకపోతే వీడేం చేస్తాడు?

ఓరుగల్లు_ఒంటె
+1. నాకూ ఎప్పటినుంచో ఇదే డౌటు. మన చేతిలో ఓడిన పిల్లాడు మూడో రౌండు తర్వాత ఏడుస్తూ ఇంటికెళ్లిపోతే మన బక్‌హోల్జ్ గోవిందా.

లెక్కల_మాస్టారు
అందుకే కొన్నిచోట్ల "కట్ 1" వాడతారు. అంటే ప్రత్యర్థుల్లో అందరికన్నా తక్కువ వచ్చినవాడి పాయింట్లు తీసేసి మిగతావి కూడతారు. ఇంకొన్నిచోట్ల ముందు ఇద్దరూ ఒకరితో ఒకరు ఆడారా అని చూస్తారు. ఏది ముందు, ఏది తర్వాత అన్నది ప్రాస్పెక్టస్‌లో ముందే చెప్పాలి. అది మనం చదవం. ఎంట్రీ ఫీజు ఎంత, భోజనం పెడతారా, ఆ రెండే చూస్తాం.

పాత_ఆర్బిటర్
చాలా ఏళ్లు పిల్లల టోర్నమెంట్లలో ఆర్బిటర్‌గా చేశాను కాబట్టి రెండు ముక్కలు.

ముందు టై బ్రేక్ సంగతి. ఇది పిల్లల టోర్నమెంట్లకే పట్టిన జబ్బు కాదు. 2013లో లండన్‌లో జరిగిన కాండిడేట్స్‌లో (ప్రపంచ ఛాంపియన్‌తో ఎవరు తలపడాలో తేల్చే టోర్నమెంట్) కార్ల్‌సన్, క్రామ్నిక్ ఇద్దరికీ 14 ఆటల్లో 8.5 పాయింట్లే. కార్ల్‌సన్ ఐదు గెలిచాడు, క్రామ్నిక్ నాలుగు. ఆ ఒక్క గెలుపు తేడాతో కార్ల్‌సన్ వెళ్లి ఆనంద్‌తో ప్రపంచ టైటిల్‌కి ఆడాడు. క్రామ్నిక్ ఇంటికెళ్లాడు. మన కోనేరు హంపి 2019లో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ (తక్కువ టైమ్‌లో ముగిసే ఆట) టైటిల్ గెలిచినప్పుడు కూడా ముగ్గురికి సమాన పాయింట్లు. టై బ్రేక్‌లో వెనకబడిన మూడో ఆవిడకి ప్లే ఆఫ్ ఆడే అవకాశమే రాలేదు. కాబట్టి పదమూడో స్థానం గురించి మరీ బాధపడొద్దు.

ఇక టచ్ మూవ్. సర్దాలనుకుంటే ముట్టుకోకముందే "అడ్జస్ట్" అనాలి. అదీ మన ఎత్తు వచ్చినప్పుడే. అనకుండా వేలు పెడితే ఆ పావునే కదపాలి. ఇది తొమ్మిదేళ్లవాడికైనా తొంభై ఏళ్లవాడికైనా ఒకటే. మోచెయ్యి తగిలి పావు పడిపోతే మాత్రం టచ్ మూవ్ కాదు, నిలబెట్టి ఆట కొనసాగించడమే. ఎదుటివాడు అభ్యంతరం చెప్పాలన్నా తన పావు ముట్టుకోకముందే చెప్పాలి. తను ఎత్తు వేసేశాక "ఇందాక నువ్వు ముట్టుకున్నావ్" అంటే చెల్లదు.

మీవాడి విషయంలో ఆర్బిటర్ చేసింది సరైనదే. కాకపోతే ఆట మొదలయ్యే ముందు మైకులో ఈ నాలుగు ముక్కలూ తెలుగులో చెప్పాల్సింది. చాలామంది చెప్పరు. చీఫ్ గెస్టు గారి ప్రసంగానికి మాత్రం అరగంట దొరుకుతుంది.

ఇద్దరుపిల్లలతల్లి
ఆ చీఫ్ గెస్టు ముక్క అక్షరాలా నిజం. తొమ్మిదింటికి రిపోర్టింగ్ అంటారు, మొదటి రౌండు పదకొండున్నరకి. అప్పటికి పిల్లలు తెచ్చుకున్న పులిహోర అయిపోతుంది.

గుర్రం_రెండున్నర
పిల్లల ఆటల్లో నాకు తెలిసిన అసలు మోసం టచ్ మూవ్ కాదు, "చెక్‌మేట్!" అని గట్టిగా అరవడం. మా పాప మొదటి టోర్నమెంట్‌లో ఎదుటి అబ్బాయి అలాగే అరిచి చెయ్యి చాపాడు. ఇది పాపం షేక్ హ్యాండ్ ఇచ్చేసి లేచి వచ్చేసింది. బయటికొచ్చి పొజిషన్ చెప్తే చూద్దును కదా, ఏనుగుని అడ్డం పెడితే చెక్ పోతుంది! లోపలికి పరిగెత్తాం. అప్పటికే రిజల్ట్ రాసేశారు.

పాత_ఆర్బిటర్
@గుర్రం_రెండున్నర ఓడిపోయానని ఒప్పుకుని చెయ్యి కలిపాక ఇక చేసేదేం ఉండదు. అందుకే పిల్లలకి ఓపెనింగులు నేర్పేముందు ఇది నేర్పాలి: ఎదుటివాడు ఏమన్నా సరే, చెయ్యెత్తి ఆర్బిటర్‌ని పిలువు, ఆయన చూశాకే లే. ఇంకో రకం తగాదా కూడా చూశాను. ఒకడు డ్రా అనుకుని చెయ్యి చాపుతాడు, రెండోవాడు నేను గెలిచాననుకుని చెయ్యి కలుపుతాడు. ఇద్దరూ టేబుల్ దగ్గరికొచ్చి చెరో రిజల్టు చెప్తారు. బోర్డు మీద పావులు అప్పటికే డబ్బాలోకి వెళ్లిపోయి ఉంటాయి.

నిద్రమబ్బు
రెండోవాడి కాన్ఫిడెన్స్ నాకు కావాలి.

డాలస్_డాడీ
ఇక్కడ అమెరికాలో స్కూల్ టోర్నమెంట్లలో సెక్షన్లు క్లాసుని బట్టి ఉంటాయి. కిండర్‌గార్టెన్ నుంచి మూడో తరగతి వరకూ ఒకటి, ఐదో తరగతి వరకూ ఒకటి, అలా. స్కూల్ తరఫున టీమ్ బహుమతి కూడా ఉంటుంది. నేషనల్స్‌లో అయితే ఒక స్కూలు నుంచి వచ్చిన పిల్లల్లో పై నలుగురి పాయింట్లు కలిపి టీమ్ స్కోరు అంటారు. అందుకని తన ఆట పోయినా పిల్లాడు పక్కవాడి ఆట గెలవాలని కోరుకుంటాడు. మనవైపు స్కూల్ పేరు మీదే ఎంట్రీ తీసుకున్నా ఎవడి కప్పు వాడిదే.

రౌండు మొదలయ్యాక తల్లిదండ్రులు హాల్లో ఉండకూడదు. మేమంతా బయట కార్పెట్ మీద కూర్చుని లాప్‌టాప్‌లో ఆఫీస్ పని చేసుకుంటాం. కప్పుల విషయానికొస్తే, లోకల్ టోర్నమెంట్లలో చాలాచోట్ల ఆడిన ప్రతి పిల్లాడికీ ఒక మెడల్ ఇస్తారు. ఎవరూ ఏడవరు.

ఓరుగల్లు_ఒంటె
@డాలస్_డాడీ అందరికీ ఇస్తే ఇక అది మెడల్ ఎందుకవుతుంది, ప్రసాదం అవుతుంది.

డాలస్_డాడీ
ప్రసాదం కోసం గుడికి మళ్లీ మళ్లీ వచ్చే పిల్లలు మీకు తెలీదా 🙂 ఏడేళ్ల పిల్లాడు మళ్లీ రావాలి, అంతే కదా కావాల్సింది.

ఇద్దరుపిల్లలతల్లి
మా పెద్దాడికి అలా అందరికీ ఇచ్చిన మెడల్ ఒకసారి వచ్చింది. వెనక్కి తిప్పి చూసి "ఇది ఓడినవాళ్లది" అని తమ్ముడికి ఇచ్చేశాడు. పిల్లలకి అన్నీ తెలుసండీ.

అమలాపురం_అల్లుడు
మా అబ్బాయికి వాళ్ల తాతయ్య నేర్పాడు. మొదటి టోర్నమెంట్‌లో వాడు రాజుని గుర్రంలా ఒక గెంతు గెంతించాడు. ఎదుటి పిల్లాడు నోరు తెరిచాడు. ఆర్బిటర్ వచ్చి ఇదేం ఎత్తు బాబూ అంటే, చెక్ పడకముందు ఒకసారి వెయ్యొచ్చు, మా తాతయ్య చెప్పాడు అని వాదన!

గుంటూరు_పెద్దాయన
@అమలాపురం_అల్లుడు తాతయ్య చెప్పింది తప్పేం కాదు. మా చిన్నప్పుడు అరుగుల మీద ఆడిన ఆట అదే. క్యాస్లింగ్ (రాజు, ఏనుగు ఒకే ఎత్తులో కలిసి కదలడం) లేదు, దానికి బదులు రాజుకి ఒక్కసారి గుర్రం గెంతు. బంటు మొదటి ఎత్తులో కూడా ఒక గడే. చివరి వరుసకి చేరిన బంటు ఏ గడిలో చేరితే ఆ గడి తాలూకు పావు అయ్యేది. ఇప్పట్లా అందరూ మంత్రులు కావడం కుదిరేది కాదు. ఆట నెమ్మదిగా, వక్కపలుకు నములుతూ సాగేది. టోర్నమెంట్‌కి పంపేముందు మాత్రం తాతలు నేర్పినదాన్ని ఒకసారి సరిచూసుకోవాలి. అంతమాత్రాన తాతల్ని తక్కువ చేయకండి. మా గుంటూరు పెంటేల హరికృష్ణకి చిన్నప్పుడు ఆట నేర్పింది తాతగారే. 2001లో గ్రాండ్‌మాస్టర్, 2004లో ప్రపంచ జూనియర్ ఛాంపియన్.

నిద్రమబ్బు
గ్రాండ్ ఫాదర్ నుంచి గ్రాండ్ మాస్టర్. సారీ, ఆపుకోలేకపోయాను.

పాత_ఆర్బిటర్
ఆ గుర్రం గెంతు లాంటివి క్లాక్ నొక్కాక పట్టుబడితే నియమ విరుద్ధమైన ఎత్తు కింద లెక్క. మొదటిసారి ఎదుటివాడికి రెండు నిమిషాలు అదనంగా ఇస్తారు, రెండోసారి ఆట పోతుంది. పిల్లలు ఇందులో ఎక్కువగా పడేది చెక్ చూసుకోకపోవడం, రెండు చేతులతో క్యాస్లింగ్ చేయడం. ఒకే చేత్తో ముందు రాజుని కదపాలి, తర్వాత ఏనుగుని. ఎత్తు వేసిన చేత్తోనే క్లాక్ నొక్కాలి. ఇంట్లో క్లాక్ లేకుండా ఆడే పిల్లలకి ఇవేవీ అలవాటుండవు.

బెజవాడ_నాన్న
క్లాక్ అంటే గుర్తొచ్చింది. అక్కడ మొదట్లో క్లాకులే పెట్టలేదు. ఆట లేటైన బోర్డుల దగ్గరికి మధ్యలో తెచ్చి పెట్టి, చెరో ఐదు నిమిషాలన్నారు. మావాడు దాన్ని చూసి బిగుసుకుపోయాడు. ఇది మామూలేనా?

గుర్రం_రెండున్నర
ఒకరోజు టోర్నమెంట్లలో మామూలే. అందరికీ సరిపడా క్లాకులుండవు. చాలాచోట్ల బోర్డు, క్లాక్ మీరే తెచ్చుకోండి అని రాస్తారు కూడా. ఇంట్లో ఒకటి కొనిపెట్టుకోండి, రోజూ అన్నం తిన్నాక ఒక ఆట దాంతో ఆడించండి. టెన్షన్ సగం అక్కడే పోతుంది.

చెస్_మామ_హైదరాబాద్
ఈ లోకల్ టోర్నమెంట్లు వదిలేయండి బ్రో. డైరెక్ట్‌గా రేటింగ్ టోర్నమెంట్లు ఆడించండి. ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) రేటింగ్ ఉంటేనే ఇప్పుడు విలువ. అర్జున్ ఎరిగైసి మన హనుమకొండవాడే, 2024 డిసెంబర్‌లో 2800 దాటాడు, ఆనంద్ తర్వాత మనవాళ్లలో ఇంకెవరూ లేరు. గుకేశ్ నాలుగో తరగతి తర్వాత రెగ్యులర్ స్కూల్ మానేశాడు, పద్దెనిమిదేళ్లకే ప్రపంచ ఛాంపియన్. ఇప్పుడు మొదలుపెట్టకపోతే లేటు.

ఇద్దరుపిల్లలతల్లి
@చెస్_మామ_హైదరాబాద్ మీరు ఏ అకాడమీ అండీ?

చెస్_మామ_హైదరాబాద్
అకాడమీ కాదు, ఊరికే ఇంట్లో ఒక పది మంది పిల్లలకి.

ఇద్దరుపిల్లలతల్లి
అనుకున్నా.

గుంటూరు_పెద్దాయన
గుకేశ్ తండ్రి ఈఎన్‌టీ డాక్టరు, కొడుకు కోసం ప్రాక్టీస్ పక్కన పెట్టాడు. హంపి తండ్రి అశోక్ గారు ఉద్యోగం వదిలి కూతురికి కోచింగ్ ఇచ్చారు. అవి పెద్ద నిర్ణయాలు, ఆ పిల్లల్లో ఏదో చూసి తీసుకున్నవి. వాళ్ల పేర్లు చెప్పి నాలుగో తరగతి పిల్లలందరి బడీ మాన్పిస్తామంటే ఎలా? నాకు తెలిసిన ఒక కుటుంబం అలాగే బడి మాన్పించి, మూడేళ్ల తర్వాత మళ్లీ చేర్పించడానికి నానా తంటాలు పడింది.

లెక్కల_మాస్టారు
రేటింగ్ గురించి అపోహ ఒకటుంది కాబట్టి చెప్తున్నా. 2024 మార్చి నుంచి ఫిడే కనీస రేటింగ్‌ని 1000 నుంచి 1400కి పెంచింది. అప్పటికే తక్కువ రేటింగ్ ఉన్నవాళ్లకి ఒకేసారి కలిపారు, వెయ్యి ఉన్నవాడు పద్నాలుగు వందలయ్యాడు. దాన్ని చూసి "మావాడు రాత్రికి రాత్రే 400 పెరిగాడు" అని స్వీట్లు పంచినవాళ్లున్నారు. ఇప్పుడు మొదటి రేటింగ్ రావాలంటే రేటింగ్ ఉన్నవాళ్లతో కనీసం ఐదు ఆటలు ఆడాలి, లెక్క 1400కి తగ్గకూడదు. అంటే కొత్త పిల్లాడికి ముందుకన్నా కష్టమే. ఇప్పుడే పంపితే రోజుకి రెండు మూడు పెద్ద ఆటలు, అన్నీ పెద్దవాళ్ల చేతిలో ఓటములు. మీకు ఎంట్రీ ఫీజు, లాడ్జి ఖర్చు. స్కూల్ టోర్నమెంట్లలో పైన నాలుగైదు స్థానాల్లో నిలదొక్కుకున్నాక చూడొచ్చు.

ఓరుగల్లు_ఒంటె
మాస్టారితో సగం ఒప్పుకుంటా. ఓటములు తొందరగా తింటే తొందరగా అరుగుతాయి. మా అన్న కొడుకు రేటింగ్ టోర్నమెంట్‌లో వరసగా ఓడి ఓడి, ఆఖరి రౌండులో ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి మీద డ్రా చేశాడు. ఆ డ్రా గురించి ఇప్పటికీ చెప్తాడు. స్కూల్ టోర్నమెంట్‌లో గెలిచిన కప్పు ఏ అటక మీదుందో ఎవరికీ తెలీదు.

లెక్కల_మాస్టారు
@ఓరుగల్లు_ఒంటె మీ అన్న కొడుకు తట్టుకున్నాడు. తట్టుకోలేక బోర్డు మడిచేసిన పిల్లల కథలు మనకి చేరవు.

కాలేజీ_బంటు
నేను స్కూల్ రోజుల్లో జిల్లా స్థాయిలో ఆడాను, పిల్లల వైపు నుంచి ఒక మాట. ఆటలో ఓడిపోవడం కన్నా భయంగా ఉండేది హాల్ నుంచి గేటు దాకా నడవడం. గేటు దగ్గర నాన్న ఉంటాడు, "ఏమైంది" అంటాడు. ఓడిపోయానంటే "ఎక్కడ పోయింది" అని అక్కడే నిలబెట్టి అడుగుతాడు. పది నిమిషాల్లో తర్వాతి రౌండు. అంకుల్, మీవాడు బయటికి రాగానే ముందు నీళ్లివ్వండి, ఏమైనా తినిపించండి. ఆట గురించి వాడే చెప్తాడు. చెప్పకపోతే ఇంటికెళ్లాక స్కోర్ షీట్ చూసుకోవచ్చు.

ఇద్దరుపిల్లలతల్లి
@కాలేజీ_బంటు ఈ పోస్టు ప్రింట్ తీసి మా ఆయనకిస్తా.

గుర్రం_రెండున్నర
కిటికీ ఊచలు పట్టుకుని లోపలికి సైగలు చేసే తండ్రుల గురించి ఎవరూ మాట్లాడరేం?

పాత_ఆర్బిటర్
మాట్లాడితే ఈ చర్చ పది పేజీలవుతుంది. ఒకాయన దగ్గు దగ్గితే గుర్రం, తుమ్మితే ఏనుగు అని ఒప్పందం పెట్టుకున్నాడని మాకు అనుమానం. నిజంగా జలుబో ఏమో. పిల్లాడు మాత్రం ఓడిపోయాడు. ఇంకో సంగతి, పిల్లాడి జేబులో ఫోన్ ఉండకూడదు. స్మార్ట్ వాచీ కూడా తీసేయండి. దొరికితే ఆట పోతుంది, అందులో చెస్ యాప్ ఉందా లేదా అన్నది తర్వాతి మాట.

బెజవాడ_నాన్న
@కాలేజీ_బంటు బాబూ, మొన్న గేటు దగ్గర నేనూ అదే ప్రశ్న వేశాను, ఇకమీద నీళ్లే ముందు. @పాత_ఆర్బిటర్ గారూ, అడ్జస్ట్ అనాలని వాళ్ల కోచ్ కూడా ఎప్పుడూ చెప్పలేదట. టై బ్రేక్ విషయంలో మాత్రం నాకు పూర్తిగా మింగుడుపడలేదు. పది కప్పులు ముందే కొనుక్కుంటారు కాబట్టి లెక్క తెగ్గొట్టాలి, అది ఒప్పుకుంటా. కానీ సమాన పాయింట్లు వచ్చినవాళ్లందరినీ వేదిక మీదకి పిలిచి ఒక సర్టిఫికెట్ ఇస్తే ఖర్చెంత?

లెక్కల_మాస్టారు
ఇది న్యాయమైన అభ్యర్థన. నిర్వాహకులకి రాసి పెట్టండి, కొందరు వింటారు. ఇక మొదటి రౌండు ఓటమికి ఓదార్పు కావాలంటే, 2024 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో హంపి ప్రపంచ ర్యాపిడ్‌లో మొదటి రౌండు ఓడిపోయి, చివరికి పదకొండుకి ఎనిమిదిన్నరతో ఒంటరిగా మొదటి స్థానంలో నిలిచింది. టై బ్రేక్ అవసరమే రాలేదు.

ఓరుగల్లు_ఒంటె
అంటే పరిష్కారం దొరికింది. ఏడుకి ఆరున్నర తెచ్చుకోమనండి.

కొత్తపేట_కావ్య
మధ్యలో దూరుతున్నా. మా పాపకి ఆరేళ్లు, వచ్చే నెల అండర్-7 ఆడిస్తున్నాం. ఇరవై నిమిషాల ఆటలట. ఎత్తులు రాయడం దానికింకా రాదు, ఏ బి సి డిలే తిరగేసి రాస్తుంది. రాయకపోతే ఆడనివ్వరా?

పాత_ఆర్బిటర్
@కొత్తపేట_కావ్య ఇరవై నిమిషాల ఆటంటే ర్యాపిడ్ కిందకొస్తుంది, అందులో రాయక్కర్లేదమ్మా. ఒక్కొక్కరికి గంట, అంతకన్నా ఎక్కువ టైమ్ ఇచ్చే క్లాసికల్ ఆటల్లోనే రాయాలి. అప్పటికి నెమ్మదిగా నేర్పండి. ఈసారికి వాష్‌రూమ్ వస్తే ఆర్బిటర్ అంకుల్‌కి చెప్పి వెళ్లాలని నేర్పండి. అండర్-7లో ఎక్కువ ఆటలు పోయేది అక్కడే, క్లాక్ నడుస్తుంటే బిగబట్టుకుని కూర్చుంటారు.

నిద్రమబ్బు
అది అండర్-7 సమస్య ఒక్కటే కాదు సార్, మా ఆఫీస్ మీటింగుల్లో కూడా అంతే.